పాపకో అర

వంశధార ఓడ. మూడో అంతస్తు, ఎనభై ఎనిమిదో గది. బిడ్డ పుస్తకం. రాస్తున్నది: తండ్రి.

ఒకటో రోజు

నేను తండ్రినయ్యాను!

ఈ పుస్తకంలో మొదటి వాక్యం తేదీతోనూ సమయంతోనూ మొదలవ్వాలని నియమమట. నా మొదటి వాక్యం ఇదే. అభ్యంతరం ఉంటే ఆఫీసు వారు ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత తెలియజేయవచ్చు. వాళ్లకి అలవాటైన గడువే కదా!

నాకు అరవై ఎనిమిదేళ్లు. మా ఆవిడ నూకరత్నానికి అరవై అయిదు. బిడ్డ కావాలని అర్జీ పెట్టిన రోజున నాకు ఇరవై తొమ్మిది, తలనిండా జుట్టు. చుక్కల మధ్య పోయే ఓడ కదా, గాలి కొలత ప్రకారం ఉంటుంది కాబట్టి ఒకరు పోతేనే ఒకరు రావాలి. ఆ మాట న్యాయమే. కానీ ఓడకి వంశధార అని పేరు పెట్టి, వంశానికి చుక్కచుక్కగా వదలడం ఏ మహానుభావుడి ఆలోచనో! మా వరస రావడానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది. కుర్రతనంలో చలిపెట్టెలో దాచిన మా ఇద్దరి విత్తనాలూ బయటికి తీసి, తొమ్మిది నెలలు గర్భపెట్టెలో పెంచి, ఈ పొద్దున పది గంటలకి మూత తెరిచారు.

ఆడపిల్ల! రెండు కేజీల ఏడు వందల గ్రాములు! అద్దం అవతల జుబేదా సిస్టరు చేతుల్లో ఎర్రగా, పిడికిళ్లు బిగించి, ప్రపంచం మీద అప్పుడే కోపం వచ్చినదానిలా ఉంది. అచ్చం మా ఆవిడే. అద్దానికి ముక్కు ఆనించి నేను ఏడ్చాను, నవ్వాను, తుమ్మాను. సిస్టరు వచ్చి అద్దం తుడిచి వెళ్లింది. పాపం మంచి మనిషి.

అంతస్తు మొత్తానికి నాచు లడ్డూలు పంచాను. పక్కగది తవిటయ్య రెండు తీసుకుని, "బావా, నీ కూతురికి పెల్లీడు వచ్చేతలికి నీకు తొంభై. కన్నేదానం ఎవులు సేస్తారేటి?" అన్నాడు.

"నానే సేస్తాను. నువ్వు బతికుంటే బోజనానికి రా," అన్నాను. ఆనందంలో ఉన్నాను కాబట్టి ఇంకేమీ అనలేదు.

సాయంత్రం స్థలాల ఆఫీసు నుంచి శుభాకాంక్షలు వచ్చాయి. శుభాకాంక్షలు ఒక పంక్తి, షరతులు పదకొండు పంక్తులు. సారాంశం ఇది: ఇరవై ఒకటో రోజున బారసాల. ఆ రోజుకి మా ఇంటి బీరువాలో పాప పేరిట రెండు టీబీల అర ఒకటి ఖాళీగా సిద్ధంగా ఉండాలి. అర లేని మనిషికి ఓడలో తలుపు తెరుచుకోదు, గంజి రాదు, మందు రాదు. కాబట్టి అర లేకపోతే పాపని వరసలో తర్వాతి జంటకి ఇచ్చేస్తారు.

తర్వాతి జంటకి! లడ్డూలు మిగిలితే పక్కగదికి ఇచ్చినట్టు!

రెండో రోజు

బీరువా అంటే పాత ఊళ్లలో బట్టలు పెట్టుకునే ఇనుప బీరువా కాదు. గోడలో పిడికిలంత డిస్కు. ఇంటి బతుకంతా అందులోనే ఉంటుంది, అందుకని మా పెద్దలు ఆ పేరు పెట్టారు. బీరువా అన్నాక అరలుంటాయి కదా. గదికొకటి. ఓడ బయల్దేరినప్పుడు తెచ్చినవే. కొత్తవి చెయ్యడానికి ఇక్కడ మట్టీ లేదు, మనిషీ లేడు. టీబీ, అంటే టెరాబైటు, అందులో చోటుకి కొలత. మా తాత కాలంలో టీబీ అంటే జబ్బు. ఒక్కటి ఉన్నా ప్రాణం పోయేది. ఇప్పుడు రెండు లేకపోతే పోయేలా ఉంది.

పొద్దున్నే బీరువాని పలకరించాను. అది పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది, ఎదురుగా మనిషి ఏ భాషలో ఏడ్చినా సరే.

"మొత్తము పన్నెండు టీబీలు. మొదటి అర ఓడది, నాలుగు. రెండవది తమది, మూడు. మూడవది ఉమ్మడిది, రెండు. నాలుగవది నూకరత్నము గారిది, ఒకటి. అయిదవది 'పాప', రెండు. అన్నియు నిండినవి."

ఓడ అరలో ఏముంటుందని అడిగాను. మంటలు లేస్తే ఏం చెయ్యాలో ఇరవై రెండు భాషల్లోనూ, ప్రారంభోత్సవాల్లో పెద్దల ప్రసంగాలు మొదటి నుంచి నేటి దాకానూ ఉన్నాయట. ముట్టుకోకూడదట. మంటలు లేస్తే ప్రసంగాలు విని చల్లారిపోతాయి కాబోలు.

అయిదోది 'పాప'. చూశారా? అర్జీ పెట్టిన రోజునే మా బిడ్డకి రెండు టీబీలు విడిగా కట్టి ఉంచుకున్నాం. అంత ముందుచూపు గల దంపతులం! కానీ ఇంట్లో ఖాళీ అర ఉంటే ఏమవుతుందో ఇల్లు నడిపిన ప్రతివాళ్లకీ తెలుసు. ఓ పది రోజులు ఖాళీగా ఉంటుంది. తర్వాత "తాత్కాలికంగా" ఏదో చేరుతుంది. రత్నం దానికి తాళం వేసి ఏళ్లయింది. ఓడ టీవీలో పదకొండు వేల భాగాలుగా సాగుతున్న సీరియల్ అందులో దాస్తోందని నా గట్టి అనుమానం.

నాలుగో రోజు

స్థలాల ఇన్‌స్పెక్టరు కమలాసని గారి దర్శనం మూడు గంటలు నిలబడ్డాక లభించింది. చాలా మర్యాదస్తురాలు. కాదు, లేదు, కుదరదు - ఈ మూడు మాటలూ కూడా 'గారూ' చేర్చే అంటారు.

"చూడండి సూరప్పడు గారూ, అదనపు డిస్కు కుదరదండి గారూ. ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి. అరలకి మధ్య గోడలు బీరువా జరుపుతుంది. కానీ పక్కపక్క అరలైతేనే. ఖాళీ అంతా ఒకేచోట ఉండాలి."

"ఆడో పిసరు, ఈడో పిసరు ఉంటే కలపలేరేటమ్మా?"

"మీవాళ్లు అయిదుగురు కలిసి భోజనశాలకి వెళ్లారనుకోండి. అయిదు బల్లల దగ్గర ఒక్కో కుర్చీ ఖాళీ ఉంది. ఒకేచోట కూర్చోగలరా?"

నాకు అర్థమైంది. ఏడో తరగతి చదివాను, మరీ అంత తక్కువ కాదు.

"బీరువా ఆ కుర్చీలన్నీ ఒకచోటికి జరపాలి. దాన్ని సర్దుడు అంటారు. ఏడు రోజులు పడుతుంది. కాబట్టి పదమూడో రోజు సాయంత్రానికి మీరు పాతవి తీసెయ్యడం అయిపోవాలి. ఆ తర్వాత మొదలుపెడితే బారసాలకి అందదండి గారూ."

పదమూడో రోజు. గుర్తుపెట్టుకున్నాను. దారిలో అద్దం దగ్గర ఆగాను. పాప ఆవులించింది! నోరు ఎంతుందంటే... సరే, ఆ వర్ణన రాస్తే ఉన్న చోటు కూడా అయిపోతుంది.

అయిదో రోజు

ఇంట్లో చర్చ. చర్చ అని పుస్తకంలో రాసుకుంటున్నాను.

"రత్నం, ఆ పాప అర కాలీ సేసీ. ఇరవయ్యేల్ల కిందటి అత్తా కోడల్ల గొడవ ఇప్పుడేటి సూస్తావు?"

"అది పాపది. పాపకే ఇస్తాను. నువ్వు ముట్టుకోకు."

"పాపకి కాలీది గావాల, నిండింది గాదు!"

"మరి నీ మూడు టీబీల గుడగుడలేటి సేస్తావు? ముందు అయ్యి తియ్యి మావా."

గుడగుడలంటే నా వృత్తి. నలభై ఏళ్లు నీటి పంపు దగ్గర పని చేశాను. పంపు రోగం చెవికే తెలుస్తుంది. ఈ రోజు శబ్దాన్ని నిన్నటి శబ్దంతో, నిరుటి శబ్దంతో పోల్చుకుంటేనే బేరింగు అరిగిందో గాలి చేరిందో చెప్పగలం. అందుకని ప్రతి రోజూ, రోజంతా పంపు శబ్దం రికార్డు చేసి దాచాను. ఆ పంపుని తీసేసి ఎనిమిదేళ్లయిందని రత్నం గుర్తు చేసింది. ఆ సంగతి నాకు తెలుసు. విద్య వేరు, పంపు వేరు.

ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నాది కాదు, తనది కాదు, ఉమ్మడిది ఖాళీ చేద్దాం. సంసారంలో ఎప్పుడూ ఉమ్మడిదే బలవుతుంది.

ఆరో రోజు

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. తప్పు నాది కాదు, భాషది.

రత్నం గంజి తేవడానికి వెళ్లింది. ఉమ్మడి అరలో పనికిమాలినవి చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ చూసి తియ్యడం మొదలుపెడితే పాప కాలేజీకి వెళ్లే వయసు వస్తుంది. అందుకని బీరువాకే అప్పగించాను. నేనన్న మాట ఇదీ: "ఉమ్మడిలో పనికిరానివన్నీ సూసి, అర కాలీ సెయ్యి."

"అర ఖాళీ చేయవలెనా? దయచేసి నిర్ధారించండి."

"ఆఁ, అర కాలీ సెయ్యి. ఎన్ని సార్లు సెప్పాల?"

"చిత్తము."

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అబ్బ, ఎంత చురుకో అని మెచ్చుకున్నాను కూడా! రెండు టీబీలూ వచ్చేశాయా అని అడిగితే, "ఒక టీబీ వచ్చినది. తమ ఆజ్ఞ ప్రకారము అర ఖాళీ చేసితిని," అంది.

"అర అంటే రెండు టీబీలు కదే?"

"అర యనగా సగము. ఏది పనికిరానిదో నిర్ణయించుట నాకు సాధ్యము కాదు. కావున పక్షపాతము లేకుండ ప్రతి ఫైలునందును రెండవ సగము తొలగించితిని."

తీసినవి తిరిగి ఇమ్మంటే, శుభ్రంగా తుడిచేసిందట. ఓడలో ఏ పనీ సవ్యంగా జరగదు గానీ, తుడవడం మాత్రం అమోఘం.

నాచు పచ్చడి తయారీ: "ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతేమిటంటే" దగ్గర ఆగింది. మా అమ్మ జోలపాటలో పాప ఇంకా నిద్రపోలేదు. హత్య సినిమాలన్నిట్లోనూ హంతకులు హాయిగా తప్పించుకున్నారు. మా మావగారి షష్టిపూర్తి ప్రసంగం మాత్రం సగమయ్యాక ఎంతో బాగుంది.

రత్నం గంజి గిన్నెలతో వచ్చి, నా మొహం చూసి, "ఏటి సేసీసినావు?" అంది. చేశావా అని కాదు, ఏం చేశావని. నలభై ఒక్కేళ్ల అనుభవం.

ఏడో రోజు

పెళ్లి.

మా పెళ్లి రికార్డు కూడా ఉమ్మడిలోనే ఉందని మధ్యాహ్నం గుర్తొచ్చింది. మూడు గంటల ఇరవై నిమిషాల పెళ్లి. ఇప్పుడు గంటా నలభై. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. గౌరీపూజ ఉంది. అడ్డుతెర ఉంది. జీలకర్ర బెల్లం నా చేతిలోకి వచ్చింది, తెర మీదుగా చెయ్యి లేచింది, ఆమె తల మీద పెట్టబోయాను. అక్కడితో ఆగిపోయింది. తాళి లేదు, తలంబ్రాలు లేవు, అరుంధతి నక్షత్రం లేదు. నలభై ఒక్కేళ్లుగా నా చెయ్యి అలా గాల్లో నిలబడే ఉన్నట్టుంది.

రత్నం గంజి గిన్నె అందుకుంది. నేను భయపడ్డాను. చివరికి గంజి తాగి మూతి తుడుచుకుని, "అయితే మనకి పెల్లవనేదన్న మాట," అంది. "ఇన్నాల్లూ నానెవులి గుడ్డలు ఉతికినానో!"

తొమ్మిదో రోజు

కమలాసని గారు తనిఖీకి వచ్చారు. బీరువా సకల వివరాలూ ఆవిడకి నివేదించింది. అడక్కపోయినా నివేదించింది.

"సూరప్పడు గారూ, బిడ్డ అనుమతి దంపతులకి మాత్రమేనండి. దానికి పెళ్లి రికార్డే సాక్ష్యం. ఇందులో తాళి లేదే?"

"కట్టినానమ్మా. అదిగో మెడలో సూడండి."

"మెడలోది ఎవరు కట్టారో మెడ చెప్పదు కదండి గారూ. పెళ్లికి వచ్చిన సాక్షి ఎవరైనా ఉన్నారా?"

పెళ్లికి వచ్చినవాళ్లలో మిగిలింది తవిటయ్య ఒక్కడే. పిలిచాం. వాడు నిజాయితీకి పెట్టింది పేరు, అవసరం లేని చోట.

"పెల్లికి ఎల్లినానండి. అబద్దమెందుకు? కానీ అప్పుడు పులిహోర బంతి నడస్తంది. తాలి సూడనేదండి. పులిహోర మాత్రం కట్టినట్టుగా గుర్తుంది."

కమలాసని గారు రాసుకున్నారు. బారసాల లోపు పూర్తి పెళ్లి రికార్డు చూపించాలి. అరా, రికార్డూ రెండూ ఉంటేనే పాప.

"అమ్మా, మల్లీ పెల్లి సేసుకుంటే సెల్లుతాదా?" అని అడిగాను.

"నిక్షేపంగా చెల్లుతుందండి. రికార్డు చెయ్యడానికి బీరువాలో చోటుంటే."

ఆవిడ వెళ్లాక రత్నం వైపు తిరిగాను. సంబరంగానే తిరిగాను. "మరి ముహూర్తం పెట్టించనా?"

"ఆలోసించుకోవాల," అంది.

"ఏటే ఆలోసించుకునేది?"

"అప్పుడు మా నాన్న ఒప్పీసుకున్నాడు. మీ అమ్మ ఒప్పీసుకుంది. నన్ను ఎవులూ అడగనేదు. నువ్వసలే అడగనేదు. అప్పుడంటే నువ్వెవులో నాకు తెలీదు. ఇప్పుడు తెలుసును కదా?"

పదో రోజు

పాపని చూశాను. కుడి చేతి చిటికెన వేలు వంకర. నాదీ అంతే! జుబేదా సిస్టరుని పిలిచి నా వేలు చూపించాను. పక్కన అద్దం దగ్గరున్న కొత్త జంటకి చూపించాను. వాళ్లు ఇరవయ్యేళ్ల వాళ్లు. అబ్బాయి మర్యాదగా, "మీ ముని మనవరాలాండీ?" అన్నాడు. వరసలో తర్వాతి జంట వాళ్లేనట, తాత పెట్టిన అర్జీ వారసత్వంగా వచ్చిందట. పాపని చూసి మురిసిపోతున్నారు. ముచ్చటైన జంట. నాకు ఒళ్లు మండిపోయింది.

పన్నెండో రోజు

రేపు సాయంత్రానికి గడువు. ఉమ్మడిలో ఖాళీ అయిన ఒక టీబీ ఉంది, అదీ తునకలు తునకలుగా. ఇంకొక్క టీబీ కావాలి.

పొద్దున లేచేసరికి రత్నం బీరువా ముందు కూర్చుని ఉంది. 'పాప' అర తాళం తీసేసి ఉంది.

"ఇది కొట్టీమని సెప్పు," అంది. "రెండు టీబీలు. సర్దుడూ అక్కర్నేదు, గోడా జరపక్కర్నేదు. పేరు కూడా రాసే ఉంది."

నాకు సంతోషం కట్టలు తెంచుకుంది. "మరి సీరియలు?"

"సీరియలేటి?" అని నా వైపు చూసింది. అరలో ఏముందో నాకు తెలియదని అప్పుడే ఆమెకి తెలిసినట్టుంది. "ఒకటి పెట్టుకుని ఇను. ఇన్నాక కొట్టీ." నడుం పట్టుకుని లేచి గంజికి వెళ్లిపోయింది.

పద్నాలుగు వేల పైచిలుకు ఫైళ్లు. ఏదో ఒకటి తెరిచాను. రత్నం. ముప్పయ్యేళ్ల నాటి రత్నం, ఇదే కుర్చీలో కూర్చుని, నాకేసి చూస్తూ మాట్లాడుతోంది. నాకేసి కాదు.

"పాపా, ఇయాల మీ నాన్న కాలు జారి నాచు తొట్లో పడిపోనాడు. పచ్చగా వచ్చినాడు, మామిడికాయ లాగ. నవ్వితే కోపం. అందుకే ఇప్పుడు నవ్వను. నువ్వు వచ్చినాక ఇద్దరం కలిసి నవ్వుదుము."

ఇంకొకటి.

"పాపా, ఇయాల ఆపీసుకి ఎల్లినాం. వరసలో ఇంకా పదకొండొందల మంది ఉన్నారంట. మీ నాన్న దారంతా జోకులేసినాడు. ఇంటికొచ్చి పంపు సప్పుడు పెట్టుకుని ఆ గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఆ సప్పుడు ఉంటే ఏడుపు ఇనిపించదని ఆయన అనుకుంటాడు. ఇనిపిస్తాది. నువ్వు మాత్రం అడక్కు."

ముప్పై తొమ్మిదేళ్లు. రోజుకొకటి. పుట్టని పిల్లకి, నా మీద చాడీలు. అసలు ఇంత నిందాపురాణం ఏ మగాడి మీదా ఎవరూ చెప్పి ఉండరు. నేను గంజి మానేసి వింటూ కూర్చున్నాను.

చివరగా తెరిచింది అన్నిటికన్నా పాతది.

"పాపా, నీకొక్కదానికే సెప్తన్నాను. పెల్లిలో మీ నాన్న నన్ను ఎనక కిటికీ కాడికి తీసుకెల్లి, అదిగో అరుందతి అని సూపించినాడు. అది అరుందతి గాదు. సెత్త ట్యాంకు మీద దీపం. నాకు తెలుసు, మా అయ్య ఆ ట్యాంకు కాడే పని సేసినాడు. కానీ ఆ మడిసి మొకం సూస్తే సెప్పబుద్ది కానేదు. అగుపించిందన్నాను."

పదమూడో రోజు

రాత్రంతా ఆలోచించానని రాస్తే అబద్ధం. బాగా నిద్రపోయాను. పొద్దున లేస్తూనే ఉపాయం తట్టింది.

రత్నం వచ్చి, "కొట్టీసినావా?" అంది.

"నేదు. కొట్టను."

"పిచ్చా నీకు? సాయంత్రానికి గడువు. ఇన్నాల్లూ గోడకి సెప్పుకున్నాను. ఇప్పుడు పిల్లకే సెప్తాను. పాతవెందుకు?"

"నా మీద సాడీలు నా బిడ్డకి పూర్తిగా అందాల. సగం కాదు," అన్నాను. అని, బీరువా వైపు తిరిగి గొంతు సవరించుకున్నాను.

"బీరువమ్మా, రెండో అర నాది. అందులో అర కాలీ సెయ్యి."

"అర యనగా..."

"సగము. ప్రతి ఫైలునందును రెండవ సగము. పక్షపాతము వలదు."

"చిత్తము," అంది. "తమ భాష మెరుగుపడినది," అని కూడా అంది.

పంపు శబ్దం సగం విన్నా పంపు శబ్దమే. బేరింగు అరిగితే మొదటి సగంలోనే తెలుస్తుంది. ఈ సంగతి నలభై ఏళ్లలో ఒక్కనాడూ తట్టలేదు. అంత చదువు లేదు. నా మూడు టీబీల్లోంచి ఒకటిన్నర వచ్చింది. పక్కనే ఉమ్మడిలోది ఒకటి. పక్కపక్క అరలు, గోడ జరపవచ్చు. మొత్తం రెండున్నర. పాపకి రెండు. మిగిలింది అర.

"ఆ అర ఎందుకు?" అంది రత్నం.

అప్పుడు అడిగాను. మోకాలు వంగదు కాబట్టి నిలబడే అడిగాను. "నూకరత్నం, నన్ను పెల్లి సేసుకుంటావా?"

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. మనిషి ఎంత కాలం నిలుస్తాడో అంచనా వేసినట్టు.

"ఆ పంపు సప్పుడు మానేస్తావా?"

"సగం మానేసినాను కదే!"

"సరే అయితే," అంది. "మల్లీ ఎవులినో ఎతుక్కునే ఓపిక నేదు."

సర్దుడు సాయంత్రం అయిదింటికి మొదలైంది. గడువుకి గంట ముందు.

పదిహేడో రోజు

సర్దుడు జరుగుతున్నన్నాళ్లూ బీరువాకి వేరే పని మీద ధ్యాస ఉండదు. దీపం వెయ్యమంటే గాలి వేస్తోంది. తలుపు తెరవడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటోంది. నిన్న గంజిపెట్టె తవిటయ్య వంతు మాకిచ్చింది, మా వంతు ఎవరికిచ్చిందో తెలియదు. తవిటయ్య ఓడ కెప్టెనుకి ఫిర్యాదు రాశాడు. పాపం, జవాబు వచ్చేసరికి వాడి మునిమనవలు చదువుకుంటారు.

నాకేం, హాయిగా ఉంది. సర్దుడు నూటికి అరవై వంతులైంది.

ఇరవయ్యో రోజు

మధ్యాహ్నం తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. మూడు గంటలు అక్కడే ఉంది. నేను గది చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశానో! కమలాసని గారు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నారు. రత్నం బీరువా పక్కన కూర్చుని పసిపిల్లని జోకొట్టినట్టు దాన్ని తట్టింది. నూరయింది. అది యంత్రమని తెలుసు, తట్టడం వల్ల కాదనీ తెలుసు. ఇకనుంచి రోజూ తడతాను.

ఇరవై ఒకటో రోజు

ఒకే పీటల మీద పెళ్లి, బారసాల. ముందు పెళ్లి చెయ్యకపోతే బారసాల చెల్లదట, కాబట్టి వరస కూడా సరిగ్గానే జరిగింది. పాపని జుబేదా సిస్టరు స్వయంగా తెచ్చి రత్నం ఒళ్లో పెట్టింది. అమ్మా నాన్నల పెళ్లి చూడడం అందరికీ దొరికే భాగ్యం కాదు. మా పాప చూడలేదు, నిద్రపోయింది.

జీలకర్ర బెల్లం నలభై ఒక్కేళ్ల తర్వాత గమ్యం చేరింది. తాళి కట్టేటప్పుడు పాప లేచి రంకె వేసింది. మంగళవాద్యాలు లేని లోటు తీరింది. తవిటయ్యని కమలాసని గారు మొదటి వరసలో, పీటలకి ఎదురుగా కూర్చోబెట్టారు. తాళి పడేదాకా పులిహోర పెట్టలేదు. కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు.

తర్వాత పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశాను. అరుంధతి. మూడు సార్లు. బీరువా అందుకుని, "అర పేరునకు హద్దు అయిదక్షరములు. దాటలేదు, సంతోషము," అని ఆరో అరకి ఆ పేరు పెట్టింది. పాత 'పాప' అర ఎవరి పేరున మార్చాలని అడిగింది. "అదీ దానిదే," అన్నాను. నా కూతురికి రెండు అరలు! ఒకటి ఖాళీ, ఒకటి వాళ్ల నాన్న సంగతులు. పదేళ్లు నిండాక వింటుంది. ఈలోగా నా పరువు నేను నిలబెట్టుకోవాలి.

చివరిది వెనక కిటికీ. నిన్ననే జుబేదా సిస్టరు దగ్గర నేర్చుకుని వచ్చాను: ఏడు చుక్కల గరిటె, పిడి చివర నుంచి రెండోది, దానికి ఆనుకుని ఉన్న చిన్న చుక్క. మూడు సార్లు అప్పజెప్పాను కూడా. తీరా కిటికీ దగ్గరికి వెళ్తే, నా కళ్లకి గరిటె లేదు, పిడి లేదు, దట్టంగా పోసిన ఉప్పు. చెత్త ట్యాంకు దీపం ఒక్కటే స్పష్టంగా ఉంది. అది కాదని మాత్రం నాకిప్పుడు తెలుసు. దానికి దూరంగా, ధైర్యం చేసి వేలు పెట్టాను.

"అదిగో, అరుంధతి."

రత్నం పాపని భుజం మీదికి సర్దుకుని, నా వేలు చూసింది, నక్షత్రాల వైపు చూసింది, నా మొహం చూసింది.

"అగుపించింది," అంది.

ఆ మాట పూర్తిగా రికార్డయింది. బీరువాని రెండు సార్లు అడిగి నిర్ధారించుకున్నాను.